త్రిభుజం దగ్గర ఆగిన లెక్క: జడత్వ లబ్ధంతో నా అనుభవం

దీర్ఘచతురస్రం, పావు వృత్తం, లంబకోణ త్రిభుజం కలిసిన ఒక యంత్రభాగపు మధ్యచ్ఛేదానికి జడత్వ లబ్ధం (వైశాల్యంలోని ప్రతి చిన్న ముక్కనూ రెండు అక్షాల నుంచి దానికున్న దూరాలతో, గుర్తులతో సహా, గుణించి కూడితే వచ్చే విలువ) లెక్కగట్టి, దానికి ఆమోదం పొందే పని నిన్నటితో ముగిసింది. లెక్క చేయడం కంటే దాన్ని ఒప్పించడానికే ఎక్కువ శ్రమపడవలసి వచ్చింది.

దీర్ఘచతురస్రంతో ఏ ఇబ్బందీ లేదు. కేంద్రాభం (వైశాల్యపు సమతుల్య బిందువు) గుండా పోయే రెండు అక్షాలలో ఒక్కటి సౌష్ఠవ అక్షమైనా అక్కడ జడత్వ లబ్ధం సున్నా అవుతుంది కనుక, ఆ విలువను వేరే సమాంతర అక్షాలకు మార్చే సమాంతర అక్షాల సిద్ధాంతం ప్రకారం వైశాల్యాన్ని కేంద్రాభపు రెండు దూరాలతో, వాటి గుర్తులతో సహా, గుణిస్తే చాలు. పావు వృత్తానికి రెండు తిన్నని అంచులనే అక్షాలుగా తీసుకుంటే, వ్యాసార్ధపు నాలుగో ఘాతంలో ఎనిమిదో వంతు వస్తుంది.

నన్ను నిలబెట్టేసింది త్రిభుజం. దాని భూమి 60 మి.మీ., ఎత్తు 120 మి.మీ., లంబకోణం ఎడమవైపు కింది మూలలో ఉంది. నిలువు పట్టీలుగా విడదీసి సమాకలనం చేస్తే, ఆ మూల వద్ద జడత్వ లబ్ధం భూమి వర్గం, ఎత్తు వర్గాల లబ్ధంలో 24వ వంతు, అంటే 21,60,000 వచ్చింది. కేంద్రాభం 20, 40 మి.మీ. దూరాల్లో ఉంది, వైశాల్యం 3,600 చదరపు మి.మీ.; ఈ మూడింటి లబ్ధం 28,80,000. దాన్ని తీసివేస్తే కేంద్రాభం వద్ద మిగిలేది రుణ 7,20,000; సూత్రంగా చెప్పాలంటే అదే వర్గాల లబ్ధంలో రుణ 72వ వంతు.

పరిశీలించిన అధికారి చేతిలోని పట్టికలో 72వ వంతు అని మాత్రమే ఉంది; గుర్తూ లేదు, బొమ్మా లేదు. ఆయన నా రుణ గుర్తును ఎర్ర సిరాతో కొట్టేసి, సమాకలనంలో హద్దులు కూడా సరిగా వేయలేకపోయానని అందరి ముందూ అన్నారు. పక్కనున్నవారు సాఫ్ట్‌వేర్ కూడా ధన విలువే చూపుతోందని వంత పాడారు. ఆ సాఫ్ట్‌వేర్ ముద్రించేది జడత్వ మాత్రికలోని (జడత్వ విలువలన్నిటినీ వరసల్లో పేర్చిన పట్టీలోని) పదం. ఆ పదంలో సమాకలనానికి ముందే రుణ గుర్తు చేరి ఉంటుంది కాబట్టి, అది ధనంగా కనిపించడం నా లెక్కను బలపరచడమే తప్ప ఖండించడం కాదు. ఒక పట్టికనూ ఒక తెరనూ నమ్మి, కళ్లెదుట ఉన్న ఆకారాన్ని చూడకపోవడం ఇంజినీరుకు తగని పని.

అక్కడే బోర్డు మీద గీసి చూపించాను. కేంద్రాభం గుండా అక్షాలు గీస్తే, కర్ణం పొడవునా సాగే రెండు మొనలూ రెండో, నాలుగో పాదాలలోకే చొచ్చుకుపోతాయి. ఆ రెండింటా నిరూపకాల లబ్ధం రుణమే. ఇక ప్రధాన అక్షాల, అంటే జడత్వ లబ్ధం సున్నా అయ్యే అక్షాల, మాట. జడత్వ భ్రామకాలు (వైశాల్యపు ముక్కలను అక్షం నుంచి దూరపు వర్గంతో గుణించి కూడిన విలువలు) 28,80,000, 7,20,000 కనుక ప్రధాన అక్షాలు 16.85 డిగ్రీలు తిరగాలి. నా గుర్తు ఉంచితే కనిష్ఠ అక్షం (జడత్వ భ్రామకం అతి తక్కువగా ఉండేది) నిలువు నుంచి కర్ణం ఒరిగిన వైపే ఒరుగుతుంది. ఆయన గుర్తు పెడితే ఎదురు దిక్కుకు ఒరిగి, ఆకారం పొడవుగా సాగిన దిశనే కాదంటుంది. ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు. రుణ గుర్తు తిరిగి వచ్చింది. ఇంత సూటిగా నిరూపించగలిగినందుకు నాకు గర్వంగానే ఉంది.

ఇదే త్రిభుజాన్ని అద్దంలో చూసినట్టు తిప్పి, లంబకోణాన్ని కుడివైపు కింది మూలకు చేరిస్తే విలువ ధనమవుతుంది. అందుకే బొమ్మ లేని పట్టికను త్రిభుజానికి ఎన్నడూ వాడకండి. సాఫ్ట్‌వేర్ వాడేవారు ముందుగా 40, 20 మి.మీ. భుజాలున్న దీర్ఘచతురస్రాన్ని మొదటి పాదంలో, ఒక మూల మూలబిందువు మీద ఉండేలా గీసి, ఆ మూల వద్ద జడత్వ లబ్ధం అడగండి. 1,60,000 ధనంగా వస్తే అది నేరుగా సమాకలనాన్నే ఇస్తోంది; రుణంగా వస్తే మాత్రికలోని పదాన్ని ఇస్తోంది కాబట్టి, అది చూపే ప్రతి జడత్వ లబ్ధానికీ గుర్తు మార్చి రాసుకోవాలి.