టర్కీకీ, గూస్‌కీ కలిపి ఒకే తుపాకీ

మిస్సోరీలో వసంతకాలంలో టర్కీ కోడిని, చలికాలంలో కెనడా గూస్ అనే పెద్దబాతును వేటాడాలనుకునే కొత్తవారు ముందుగా అడిగేది తుపాకీ ఏ గేజ్‌ది కొనాలనే. నేనూ అక్కడే మొదలుపెట్టాను. గేజ్ కంటే ముందు తూటాలోని లోహం సంగతి తేల్చుకోవాలని కాస్త ఆలస్యంగా తెలిసింది.

గొట్టం లోపలి వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు ఎన్ని కలిస్తే ఒక పౌండు తూగుతాయో ఆ సంఖ్యే గేజ్. అందుకే అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నబడుతుంది: 12 గేజ్ సుమారు 18.5 మిల్లీమీటర్లయితే, 20 గేజ్ 15.6 మాత్రమే. మన వైపు ట్వెల్వ్ బోర్ అనేది ఈ 12 గేజ్‌నే.

చెరువు అడుగున పడిన సీసపు పెల్లెట్లను (తూటా నుంచి గుంపుగా చిమ్మే చిన్న గుళ్లను) నీటిపక్షులు ఇసుకరాళ్లతో పాటు మింగితే, అవి కందనకాయలో అరిగి, విషం ఒంట్లోకి ఎక్కి, పక్షులు చచ్చిపోయేవి. అందువల్ల 1991 నుంచి అమెరికా అంతటా బాతుల వేటలో సీసం నిషిద్ధం. దాని స్థానంలో ఎక్కువమంది వాడే ఉక్కు సాంద్రత 7.8 మాత్రమే, సీసానిది 11.3. తేలికైన పెల్లెట్ గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది కనుక సైజు పెంచాలి, సైజు పెంచితే తూటాలో పట్టే సంఖ్య తగ్గుతుంది. బీబీ అనే పెద్ద సైజు ఉక్కు పెల్లెట్లు ఔన్సుకు 72 తూగుతాయి; ఒకటింబావు ఔన్సు పట్టే 12 గేజ్ తూటాలో 90 ఉంటే, ఔన్సులో ఎనిమిదింట ఏడు వంతులు పట్టే 20 గేజ్ తూటాలో 63 మాత్రమే ఉంటాయి. ఎగురుతున్న గూస్ మీద ఆ 27 పెల్లెట్ల తేడాను నేను తేలిగ్గా తీసుకోను.

టర్కీ విషయం వేరు. అది నేల మీద నిలబడి ఉండగా తలకూ మెడకూ గురిపెట్టి ఒక్కసారి కాలుస్తాం. పైగా సాంద్రత 18 దాటే టంగ్‌స్టన్ మిశ్రమం, టీఎస్ఎస్, వచ్చాక 9వ నంబరు సన్న పెల్లెట్లే చాలుతున్నాయి; 20 గేజ్‌లోనూ అవి అయిదు వందలకు పైగా పడతాయి. ధర మాత్రం, ఒక్కో తూటా పేల్చేముందు ఆలోచించాల్సినంత. కనుక టర్కీ ఒక్కటే చాలనుకునేవారికి, ముఖ్యంగా బరువు మోయలేనివారికి, నేను 20 గేజే చెబుతాను.

రెండూ కావాలనుకున్న నేను మూడంగుళాల తూటా పట్టే 12 గేజ్ పంప్ తుపాకీ (ముందు పిడిని వెనక్కీ ముందుకీ జరిపితే తర్వాతి తూటా ఎక్కేది) తీసుకున్నాను. (హెచ్-1బీ మీద ఉన్నవారికి ఫెడరల్ చట్టం తుపాకీని సాధారణంగా నిషేధిస్తుంది; చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కొనేముందు న్యాయవాదిని అడగడం మంచిది.) వసంతంలో గొట్టం కొసకు బిగుతైన టర్కీ చోక్ (పెల్లెట్లు ఎంత విస్తరించాలో నియంత్రించే చిన్న గొట్టపు ముక్క), చలికాలంలో ఉక్కు కోసం వదులైన మాడిఫైడ్ చోక్ బిగిస్తాను. నలభై గజాల దూరంలో కాగితం కట్టి, పది అంగుళాల వలయంలో పడిన రంధ్రాలను పెన్సిలుతో ఒక్కొక్కటే కొట్టేస్తూ లెక్కపెట్టాను. వందకు తగ్గితే ఆ చోక్‌తో అంత దూరం కాల్చను.

మూడున్నర అంగుళాల తూటాలను మిత్రుడి తుపాకీతో మూడంటే మూడు పేల్చి చూశాను. భుజం వారం రోజులు నల్లగా కమిలి ఉండటంతో పెట్టెలో మిగిలిన 22 తూటాలూ అతనికే ఇచ్చేశాను.