డ్యూక్ స్ట్రీట్ దాకా సారా బిఫిన్ వెంట

పాతకాలపు చిత్రకారిణి సారా బిఫిన్ పుట్టిన ఊరు ఈస్ట్ క్వాంటాక్స్‌హెడ్ వెళ్దామంటే, ఇంగ్లండ్‌లోని టాంటన్‌లో ఉంటున్న మా మరిది ఆశ్చర్యపోయాడు. "అక్కడేముంది వదినా? ఓ చర్చి, బాతుల చెరువు, అటు పోతే సముద్రం." నిజంగానే అంతే ఉంది. క్వాంటాక్ కొండలు దిగి సోమర్సెట్ తీరం వైపు తిరిగితే, గడ్డి కప్పుల ఇళ్లతో చిన్న ఊరు. చెరువు పక్కనుంచి నడిచి సెయింట్ మేరీ చర్చిలోకి వెళ్లాం. గోడలు చల్లగా ఉన్నాయి, లోపల ఎవరూ లేరు.

1784 అక్టోబరులో ఈ ఊళ్లో, జోళ్లు కుట్టి బతికే ఇంట్లో సారా బిఫిన్ పుట్టింది. చేతులు లేవు, కాళ్లు ఎదగలేదు. పెద్దయ్యాక కూడా ఆమె ఎత్తు మూడడుగులు దాటి ఓ అంగుళం. నోటితోనే కుట్టుపని నేర్చుకుంది, రాయడం నేర్చుకుంది, తర్వాత కుంచె పట్టింది. మంచి చిత్రకారులంతా లండన్‌లో పోగయ్యే రోజుల్లో, ఈ మూల ఊరి పిల్లకి దారి చూపింది తిరునాళ్లే. ఇమ్మాన్యుయేల్ డ్యూక్స్ అనే ప్రదర్శనల వ్యాపారి ఒప్పందం రాయించుకుని ఆమెను ఊరూరా తిప్పాడు. జనం టిక్కెట్టు కొని, ఆమె కుట్టడం, రాయడం, బొమ్మలు వేయడం చూసేవాళ్లు. మూడు గినీలిస్తే, అంటే మూడు పౌండ్లకి కాస్త ఎక్కువ, ఏనుగు దంతం మీద మినియేచర్, అంటే అరచేతిలో పట్టే చిన్న బొమ్మ, వేసిచ్చేది. టిక్కెట్ల డబ్బు డ్యూక్స్‌కి పోయేది, ఆమెకి దక్కింది ఏడాదికి అయిదు పౌండ్లేనంటారు. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఆ పని ఎంత కష్టమో 2022 చివర్లో లండన్ పాల్ మాల్‌లోని ఫిలిప్ మోల్డ్ గ్యాలరీలో ఆమె ప్రదర్శన చూసినప్పుడు తెలిసింది. దంతాన్ని ఉల్లిపొరలా పల్చగా కోస్తారు. దానిమీద నీటిరంగు ఇంకదు, తడి ఎక్కువైతే రేకు వంకర తిరుగుతుంది. అందుకని దాదాపు పొడి కుంచెతో చుక్క పక్కన చుక్క, గీత పక్కన గీత పెట్టుకుంటూ పోవాలి. పల్చని రంగు కిందనుంచి దంతపు తెలుపు మెరిసి చర్మానికి జీవం పోస్తుంది. ఆమె కుంచెను భుజం దగ్గర చొక్కా చేతికి పిన్నుతో గుచ్చుకుని, నోటితో, భుజంతో నడిపేది. తన బొమ్మ తాను వేసుకున్న చోట ఆ కుంచెను కూడా వేసింది. మంచి పట్టుబట్టలు, మెడలో నగ, భుజానికి కుంచె, సూటిగా మనల్నే చూసే కళ్లు. ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడిపోయాను. పక్షి ఈకల బొమ్మ ఒకటుంది, ఊదితే కదులుతాయనిపించింది. ఆమెను వింతగా చూపించినవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, ఆ గదిలో నాకు కనిపించింది పని తెలిసిన చిత్రకారిణి.

1808లో లండన్ బార్తలోమ్యూ జాతరలో మోర్టన్ ప్రభువు తన బొమ్మ వేయించుకున్నాడు. వేరెవరైనా దానిమీద చేయి వేస్తున్నారేమోనని, కూర్చున్న ప్రతిసారీ సగం వేసిన బొమ్మను తనతోనే పట్టుకుపోయేవాడట. నమ్మకం కుదిరాక విలియం క్రెయిగ్ అనే చిత్రకారుడి దగ్గర పాఠాలు చెప్పించాడు. రాజకుటుంబం నుంచి పనులొచ్చాయి. 1821లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ పతకం ఇచ్చింది. 1824లో రైట్ అనే ఆయన్ని పెళ్లాడింది, కాపురం నిలవలేదు. మళ్లీ తన కుంచే దిక్కు.

లివర్‌పూల్‌కి నేనొక్కదాన్నే వెళ్లాను. ఆమె చివరి ఏళ్లు గడిపిన డ్యూక్ స్ట్రీట్ ఇప్పుడు హోటళ్లతో, కొత్త అపార్టుమెంట్లతో నిండిపోయింది. 1840లలో ఇక్కడికి చేరేసరికి ఆమె కళకే గడ్డుకాలం వచ్చింది. 1839లో డాగెరోటైప్ ఫొటో బయటపడ్డాక, మెడలో వేసుకునే చిన్న బొమ్మకోసం చిత్రకారుల ఎదుట గంటల తరబడి కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. అరవై దగ్గరపడిన మనిషికి అది ఎంత దెబ్బో! రిచర్డ్ రాత్‌బోన్ అనే స్థానిక పెద్దమనిషి చందాలు పోగుచేసి ఆదుకున్నాడు. 1850 అక్టోబరు 2న పోయింది.

వీధి అలాగే ఎక్కుతూ పోతే అప్పర్ డ్యూక్ స్ట్రీట్, దాన్ని దాటితే ఆంగ్లికన్ కథీడ్రల్. దాని పక్కన పాత రాతిగనిలో సెయింట్ జేమ్స్ శ్మశానం. రాయి తొలిచిన దారిలో, గోడకానించిన సమాధి ఫలకాల మధ్యనుంచి కిందికి దిగాలి. వచ్చినవాళ్లు ఎక్కువగా రైలు కింద పడి పోయిన మాజీ మంత్రి హస్కిసన్ గోపురం దగ్గర ఆగుతున్నారు. పేదల కోసం బట్టలుతికే గృహాలు పెట్టించిన కిటీ విల్కిన్‌సన్ ఇక్కడే ఉంది. సారా బిఫిన్‌ని పూడ్చిందీ ఈ నేలలోనే.

2019లో ఆమె స్వీయచిత్రం ఒకటి సోద్‌బీస్ వేలంలో 1,37,500 పౌండ్లకి పోయింది. వేలంవాళ్లు వేసిన అంచనా రెండు వేలు కూడా లేదు. లివర్‌పూల్ వెళ్లేవాళ్లుంటే కారు వద్దు, డ్యూక్ స్ట్రీట్ కింది కొసనుంచి నడిచే రండి. ఆ ఎక్కుడు దారిలోనే ఆమె చివరి ఇల్లున్న చోటు, పైన ఆమెను పూడ్చిన శ్మశానం రెండూ తగులుతాయి.