కిటికీ ఉన్న గది ఒకటి

స్కాట్లండ్‌లో పట్నా అనే ఊరుందని మా అమ్మాయి చెబితే ముందు నమ్మలేదు. ఎయిర్ పట్టణంలో డాల్మెల్లింగ్టన్ వెళ్లే బస్సెక్కాం. డూన్ నది లోయలోకి దిగాక రోడ్డు పక్క బోర్డు మీద ఆ పేరు కనిపించింది. అక్షరాలా మన బిహార్ పట్నా పేరే. ఫుల్లర్టన్ కుటుంబానికి ఈస్టిండియా కంపెనీ కొలువు వల్ల ఆ పట్నాతో సంబంధం ఉండేది. విలియం ఫుల్లర్టన్ 1802లో తన బొగ్గుగనుల్లో పనిచేసేవారి కోసం ఇక్కడ ఇళ్లు కట్టించి, ఊరికి ఆ పేరే పెట్టాడు.

ఆ సంవత్సరం చూడగానే నాకు ఇంకో లెక్క గుర్తొచ్చింది. 1606లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన ఒక చట్టం బొగ్గు కార్మికులను యజమానికి కట్టిపడేసింది. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఇంకో గనిలో పనిలో చేరడానికి వీల్లేదు. బిడ్డకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు తండ్రి చేతిలో కొంత డబ్బు పెట్టి, ఆ బిడ్డను కూడా గనికి రాయించుకునే ఆచారం ఉండేది. 1775లో ఒక చట్టం ఆ సంకెళ్లను కొంత సడలించింది. పూర్తిగా తెగింది 1799లో. అంటే పట్నాలో మొదటి ఇళ్లు లేచేనాటికి వాళ్లకు స్వేచ్ఛ వచ్చి మూడేళ్లు.

మా అల్లుడి పూర్వీకులు ఆ బొగ్గువాళ్లే. నేను ఇల్లందులో పుట్టిపెరిగినదాన్ని. మా నాన్న సింగరేణిలో భూగర్భ గని కార్మికుడు. ఆయన షిఫ్టు నుంచి రావడం ఆలస్యమైతే అమ్మ గడప దగ్గర నుంచి కదిలేది కాదు. సింగరేణి గనులు తవ్వడం మొదలుపెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ కూడా 1886లో లండన్‌లో ఏర్పడిందే. అందుకే అల్లుడు తన వంశవృక్షం కాగితాలు బల్ల మీద పరిచి, "అత్తయ్యా, ఇందులో సగం మంది గనివాళ్లే" అన్నప్పుడు, నేను వంటగదిలో పని వదిలేసి వచ్చి కూర్చున్నాను.

ఆ కాగితాల గురించి కాస్త వివరంగా చెప్పాలి. స్కాట్లండ్‌లో జనన, మరణ, వివాహాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. మరణ నమోదులో చనిపోయిన మనిషి తండ్రి పేరు, ఆయన వృత్తి, తల్లి పేరుతో పాటు ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. పెళ్లి నమోదులో ఇరువైపుల తల్లిదండ్రులూ ఉంటారు. 1861 నుంచి బిడ్డ జనన నమోదులో తల్లిదండ్రుల పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కూడా రాశారు. ఎడిన్‌బరోలోని స్కాట్లండ్స్ పీపుల్ కేంద్రంలో రోజుకింత అని రుసుము కట్టి కూర్చుంటే ఇవన్నీ తెర మీద చూడొచ్చు. ఒక కాగితం చేతికొస్తే అది వెనక తరానికి దారి చూపిస్తుంది. పుట్టింటి పేరు పోగొట్టకుండా రాసిన ఆ గుమాస్తాలకు చేతులెత్తి మొక్కాలనిపించింది. మన దగ్గర ముత్తవ్వ పుట్టింటి పేరు అడిగితే చెప్పగలవాళ్లు ఎంతమంది?

చిక్కల్లా పేర్ల దగ్గరే. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, పెద్దకూతురికి అమ్మమ్మ పేరు పెట్టడం అక్కడి ఆనవాయితీ. మనవాళ్లు తాతగారి పేరు పెట్టినట్టే. దాంతో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గల అన్నదమ్ముల పిల్లలు గనివాళ్ల ఒకే వరస ఇళ్లలో, ఒకే వయసులో, ఒకే గనిలో ఉంటారు. తల్లి ఇంటిపేరు లేకపోతే వాళ్లను విడదీయడం ఎవరి తరం కాదు. మా అల్లుడు వెతుకుతున్న పూర్వీకుడు కూడా తల్లి ఇంటిపేరు వల్లే దొరికాడు.

దొరికిన కాగితం మరణానిది. గనిలో పైకప్పు నుంచి రాయి పడి చనిపోయాడని అందులో ఉంది. అంచున ఒక చిన్న సూచన కనిపించింది. స్కాట్లండ్‌లో ప్రమాదంలోనో హఠాత్తుగానో ఎవరైనా పోతే ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే అధికారి విచారించి, తేలిన విషయాన్ని సవరణల రిజిస్టరులో రాయిస్తాడు. ఆ సూచన పట్టుకుని ఆ పేజీ కూడా తీశాం. రెండే పంక్తులు. మా అల్లుడు దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, నా వైపు తిరిగి, పైకప్పు కూలేముందు శబ్దం వస్తుందా అని అడిగాడు. వస్తుందని నాన్న చెప్పేవారు. పైకప్పుకు ఆనించిన దుంగ మీద బరువు పడి కిర్రుమంటుందట, అది విన్నవాడు పని వదిలేసి పరిగెత్తాలట. ఆ సంగతి అల్లుడికి చెప్పాను.

ఆ మనిషి ఉన్న చోటు లెథన్‌హిల్. పట్నా నుంచి కొండెక్కాలి. 1848లో డూనాస్కిన్ దగ్గర డాల్మెల్లింగ్టన్ ఐరన్ కంపెనీ ఇనుప కొలిమి వెలిగించింది. దానికి కావలసిన ఇనుపరాయి, బొగ్గు తవ్వేవారిని ఆ కొండల మీద కాపురం పెట్టించింది. లెథన్‌హిల్, బెన్‌వాట్ లాంటి ఊళ్లు పుట్టింది అలాగే. కొలిమి 1921లో ఆరిపోయింది. ఊరివాళ్లను దశలవారీగా కిందికి దించి, పట్నాలో కట్టిన కొత్త ప్రభుత్వ ఇళ్లలో ఉంచారు. 1954 నాటికి లెథన్‌హిల్ ఖాళీ అయింది.

పైకెక్కేసరికి గాలి చెంగు నిలవనివ్వలేదు. ఓ పక్క దేవదారు జాతి చెట్ల తోట, మిగతాదంతా గడ్డి. వరస ఇళ్లు ఎక్కడుండేవో పాత పటం చేతిలో పెట్టుకుని అల్లుడు అడుగులు లెక్కేస్తుంటే నేను నేలను చూస్తూ నడిచాను. నెటిల్ అనే దురద మొక్కలు గుబురుగా పెరిగిన చోట మనుషులు ఉండి ఉంటారని అక్కడివాళ్లు చెబుతారు. మనుషుల, పశువుల వ్యర్థాలతో బలిసిన నేలలో అవి ఏపుగా వస్తాయి. ఆ గుబురు పక్కనే నాలుగు రాళ్లు, ఒక పొయ్యి అడుగు, నీలి పువ్వుల పింగాణీ పెంకు కనిపించాయి. పెంకు తీసి చూశాను. అంచున ఒక ఆకు, సగం పువ్వు. ఎవరో ఇల్లాలు పండగకు మాత్రమే బయటికి తీసే పళ్లెమై ఉంటుంది. ఎక్కడిది అక్కడే పెట్టేశాను.

1861 నుంచి కొన్ని దశాబ్దాల పాటు స్కాట్లండ్ జనగణనలో ఒక గడి ఉండేది: కిటికీ ఉన్న గదులు ఎన్ని. అల్లుడి పూర్వీకుల ఇంటికి 1891లో అక్కడ ఒకటి అని ఉంది. ఆ ఇంట్లో తొమ్మిదిమంది. ఆ గదిలోనే వంట, గోడలో అమర్చిన మంచాలు, గనినుంచి వచ్చిన మగవాళ్ల స్నానం. 1913లో థామస్ మెకెరెల్, జేమ్స్ బ్రౌన్ అనే ఇద్దరు యూనియన్ నాయకులు ఎయిర్‌షైర్ వరస ఇళ్లన్నీ తిరిగి, మరుగుదొడ్లు ఎన్ని, ఎన్ని కుటుంబాలకు ఒకటి, బట్టలుతుక్కునే చోటుందా అని రాసి, గృహవసతి మీద వేసిన రాయల్ కమిషన్‌కు ఇచ్చారు. ఆ ఇళ్ల గురించి ఎవరైనా తీపిగా మాట్లాడితే నాకు కోపం వస్తుంది. వాళ్లు దిగిపోవడమే మంచిదయింది.

ఆ తొమ్మిదిమందిలో ఇల్లాలి పేరుకెదురుగా వృత్తి గడి ఖాళీ. తెల్లవారుజాము షిఫ్టుకొకరు, రాత్రి షిఫ్టుకొకరు పోతుంటే ఇద్దరికీ వేడినీళ్లు కాచి, తడిసిన గని బట్టలు పొయ్యి ముందు ఆరబెట్టి, ఏడుగురు పిల్లల్ని సాకిన మనిషికి పని లేదట! తూర్పు స్కాట్లండ్ గనుల్లో ఆడవాళ్లు బొగ్గు బుట్టలు వీపున మోసి నిచ్చెనలు ఎక్కేవారు. 1842 చట్టం వాళ్లను భూగర్భంలోకి దిగకుండా ఆపింది. ఆ తర్వాత ఇంట్లో చేసిన చాకిరీని ఏ గడీ లెక్కపెట్టలేదు. అల్లుడి నోటు పుస్తకంలో ఆ ఖాళీ గడికి ఎదురుగా ఇదంతా రాయమన్నాను. రాశాడు.

ఊరు పోయినా కొండ మీద యుద్ధ స్మారకం నిలిచే ఉంది. దానికి దగ్గర్లోనే ఒక రాతి మీద తెల్ల రంగుతో కొండ చిరకాలం వర్ధిల్లాలి అని, 1851 నుంచి 1954 అని రాసి ఉంది. స్మారకం మీద తన ఇంటిపేరు కోసం అల్లుడు వేలితో వెతికాడు. దొరికింది. అయితే ఆ పేరు తమ శాఖదా, పక్క వరసలోని దాయాదులదా అన్నది సైన్యం రికార్డులు చూసి తేల్చుకోవాలి.

ఇంకా తేలనిది ఆ ఇల్లాలి పుట్టింటివారి సంగతి. ఆమె తండ్రి పుట్టిన చోటు దగ్గర జనగణనవాళ్లు ఐర్లండ్ అని ఒక్క మాట రాసి వదిలేశారు, కౌంటీ పేరు లేదు. కరువు రోజుల్లో ఐర్లండ్ నుంచి ఎయిర్‌షైర్ గనులకు వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి పాత జనగణన కాగితాల్లో పెద్ద భాగం 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు కాలిపోయినప్పుడు బూడిదైంది. మిగిలిన ఆధారాల్లో ముఖ్యమైనది గ్రిఫిత్ భూమి పన్ను మదింపు. మా అల్లుడు ఇప్పుడు ఉత్తరాన యాంట్రిం కౌంటీ నుంచి మొదలుపెట్టి ఆ ఇంటిపేరున్న కౌలుదార్ల జాబితా రాసుకుంటున్నాడు. నేను ఇల్లందు నుంచి ఫోనులో అడుగుతూ ఉంటాను.