విజయనగరంలో శని, ఆదివారాలు: గంటస్తంభం, థర్మకోల్ విమానం

విజయనగరం ఊరు చూడ్డానికి పిల్లలకి ఒక సాయంత్రం చాలు. కోట పెద్దవాళ్ళకి చరిత్ర, ఎనిమిదేళ్ళ గుంటడికి మాత్రం పొడుగాటి గోడ. అందుకని శనివారం సాయంత్రం ఊరు తిరిగి, రాత్రి థర్మకోల్ బొమ్మ విమానం అతికించి, ఆదివారం తెల్లారి ఎగరెయ్యండి. ఈ వరస తిరగెయ్యకండి. తిరగేస్తే జిగురు ఆరదు, గాలి ఆగదు.

ఎండ తగ్గాక, నాలుగింటికి, కోట దగ్గర మొదలుపెట్టండి. 1713లో కట్టించిన కోట ఇది. విజయనామ సంవత్సరంలో, విజయదశమినాడు, జయవారమైన మంగళవారంపూట విజయరామరాజు శంకుస్థాపన చేయించారని చెబుతారు. ఇన్ని విజయాలు ఒక్కచోట చేరాయి కాబట్టే ఊరికి ఆ పేరు. పిల్లలకి గుర్తుండేది ఈ ముక్కే, గోడల కొలతలు కాదు. లోపల కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి గేటు దగ్గర అడిగి వెళ్ళాలి. వెళ్ళనివ్వకపోతే బాధపడకండి, నగారఖానా ద్వారం బయటినుంచే బావుంటుంది.

అక్కణ్ణుంచి మూడు లాంతర్లకి నడవండి. పైడితల్లమ్మ చదురుగుడి అక్కడే. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను తిరిగేది ఈ గుడికీ కోటకీ మధ్యే. ఆ వారంలో మాత్రం ఈ కార్యక్రమం పెట్టుకోవద్దు, ఊళ్ళో కాలు పెట్టే చోటుండదు. కానీ సిరిమాను ఎలా నిలబడుతుందో పిల్లలకి ఇక్కడే చెప్పెయ్యండి. పొడుగాటి చింతమానుని బండిమీద ఏటవాలుగా కడతారు. పైకి లేచిన సన్నటి కొసన పూజారి కూర్చుంటారు. పొడుగు వైపు తక్కువ బరువున్నా, పొట్టి వైపు ఎక్కువ బరువుంటేనే తూకం కుదురుతుంది. రేపు విమానం ముక్కుకి మట్టి అంటించేటప్పుడు ఇదే లెక్క. ఇవాళ అర్థమైతే రేపు పని సగం అయిపోయినట్టే.

గంటస్తంభం 1885 నాటిది. ఎనిమిది పలకలు, 68 అడుగుల ఎత్తు. చుట్టూ ట్రాఫిక్, కనక చెయ్యి వదలొద్దు. సంగీత కళాశాల 1919లో పుట్టింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ఘంటసాల, సుశీల చదువుకున్న చోటు. తాతయ్యలూ అమ్మమ్మలూ వెంట ఉంటే గురజాడ వారి ఇంటితోపాటు దీన్నీ చూపించండి. పిల్లలే ఉంటే మురీ మిక్చర్ పొట్లం కొనిచ్చి స్టేషనరీ కొట్టుకి నడవడం మేలు.

కొనాల్సినవి: 5 మిల్లీమీటర్ల థర్మకోల్ షీటు, తెల్ల ఫెవికాల్, సెల్లోటేపు, కొత్త బ్లేడున్న కట్టరు, పిల్లలు బొమ్మలు చేసే బంకమట్టి. ఇవి కాక 30 సెంటీమీటర్ల వెదురు పుల్ల ఒకటి, ఇంట్లో మూలపడ్డ పెళ్ళికార్డు ఒకటి. షీటుని బొటనవేలితో నొక్కి చూసి, పూసలు సన్నగా, దగ్గరగా ఉన్నదే తీసుకోండి. టీవీ పెట్టెల్లో వచ్చే లావు పూసల థర్మకోల్ కోస్తుంటేనే రాలిపోతుంది. వెదురు పుల్ల బదులు కొబ్బరి ఈనె వాడదామనిపిస్తుంది. వద్దు, అది ఆరిన కొద్దీ వంగి తోకని పక్కకి తిప్పేస్తుంది.

జిగురు దగ్గరే చాలామంది దెబ్బతినేది. ఫెవిక్విక్ థర్మకోల్‌ని తినేస్తుంది. చెప్పులకి రాసే పసుపు జిగురూ, స్ప్రే పెయింటూ అంతే, చుక్క పడిన చోట గుంట. తెల్ల ఫెవికాల్ ఏమీ చెయ్యదు గానీ, నీళ్ళు ఆరితేనే పట్టు వస్తుంది. థర్మకోల్‌లోంచి గాలి ఆడదు కాబట్టి ఆ నీళ్ళు పోవడానికి రాత్రంతా పడుతుంది. పలచగా రాసి, టేపుతో బిగించి, ఫ్యాన్ కింద వదిలెయ్యండి. మందంగా రాస్తే తెల్లారేసరికి పైన పొర కట్టి లోపల పాలలాగే ఉంటుంది.

రెక్క 40 సెంటీమీటర్ల పొడవు, 8 వెడల్పు. తోక రెక్క 16 పొడవు, 5 వెడల్పు, అంటే వైశాల్యంలో పెద్దరెక్కకి పావు వంతు. నిలువు తోక 6 బై 5. కట్టరుని బాగా పడుకోబెట్టి, స్టీలు స్కేలు పక్కన రెండు మూడుసార్లు లాగండి. ఒక్క నొక్కులో కోద్దామంటే అంచు చిరుగుతుంది. కోత పని పెద్దవాళ్ళదే. పెద్దరెక్కని నడిమికి రెండు ముక్కలు చేసి, అతికే అంచుల్ని కాస్త వాలుగా చెక్కి, ఒక్కో కొస 3 సెంటీమీటర్లు పైకి లేచేలా అతికించండి. అడుగున పుస్తకాలు పేర్చి కొసల్ని ఆనిస్తే కదలదు. ఈ పైకెత్తు లేకపోతే విమానం ఒక పక్కకి ఒరిగి మళ్ళీ లేవదు. ఉంటే, కిందికి వాలిన రెక్కకి గాలి ఎక్కువ అంది తనంతట తనే సర్దుకుంటుంది.

వెదురు పుల్లే విమానం ఒళ్ళు. దాని ముందుకొస నుంచి 8 సెంటీమీటర్లు వదిలి పెద్దరెక్క, వెనక కొసన తోకలు. పెద్దరెక్క ముందు అంచు కింద పెళ్ళికార్డు మడిచి 2, 3 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టండి. ఆ కాస్త కోణమే ముక్కుని నేలకి కుక్కకుండా కాపాడుతుంది. పొద్దున్న ముక్కుకి రూపాయి బిళ్ళంత బరువు మట్టి అంటించి, రెక్క ముందు అంచు నుంచి సుమారు 2.7 సెంటీమీటర్ల దగ్గర, రెక్కకి ఇరువైపులా రెండు వేళ్ళమీద నిలపండి. తోక దిగితే మట్టి కలపాలి, ముక్కు దిగితే గిల్లాలి.

ఆదివారం ఆరింటికల్లా మైదానంలో ఉండాలి. సముద్రం పాతిక కిలోమీటర్ల లోపే, పొద్దెక్కితే అటునుంచి గాలి మొదలవుతుంది. పది గ్రాములు తూగని విమానానికి అది తుఫానే. వేపచెట్టు చివరి ఆకులు ఆగకుండా ఊగుతుంటే ఇంటికి వచ్చెయ్యడమే. అయోధ్య మైదానంలో క్రికెట్ ఆడే కుర్రాళ్ళుంటే ఓ మూలకి వెళ్ళండి. రామతీర్థం దారిలో సంక్రాంతి తర్వాత కోసిన వరిమడులు ఖాళీగా కనిపిస్తాయి. కానీ అందులో మినుమో పెసరో చల్లి ఉంటారు, రైతునడక్కుండా దిగొద్దు.

విసరడం అంటే రాయి విసరడం కాదు. గాలికెదురుగా నిలబడి, భుజం ఎత్తున, ముక్కు పిసరంత కిందికి పెట్టి, ముందుకి నెట్టి వదలాలి. పిల్లలు ఆకాశంలోకి గురిపెడతారు, అది నిలువునా ఎక్కి, వేగం చచ్చి, తోకమీద పడుతుంది. నేరుగా వదిలితే ఏడెనిమిది మీటర్లు సాఫీగా పోవాలి.

పోకపోతే ఏం జరిగిందో దాని నడకే చెబుతుంది. అలలు అలలుగా లేచి పడుతుంటే ముక్కు బరువు చాల్లేదు, కందిగింజంత మట్టి కలపండి. గబుక్కున నేలకి దిగితే అంతే మట్టి తియ్యండి. మట్టి సరిపోయినా ఇంకా ముక్కు వాలుతుంటే, తోక రెక్క వెనక అంచుకి పెళ్ళికార్డు ముక్క టేపుతో అంటించి వెంట్రుకవాసి పైకి వంచాలి. ఒకే పక్కకి తిరుగుతుంటే ముందుగా దాన్ని వెనకనుంచి చూడండి, రెక్క మెలిక పడి ఉంటుంది. రాత్రి ఎగుడుదిగుడుగా ఆరబెట్టినందుకు వచ్చేది ఇదే. నిలువు తోకకీ కార్డు ముక్క పెట్టి, తిరుగుతున్న దిక్కుకి ఎదురు వైపు వంచితే సరి. ఒక విసురుకి ఒక మార్పే. రెండూ కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు, పిల్లలకి ఓపికా పోతుంది.

మోటారు, రిమోటు ఉన్న విమానం కొందామనుకుంటే అది వేరే సంగతి. అది 2021 డ్రోన్ నిబంధనల కిందికి వస్తుంది. 250 గ్రాముల లోపైతే పైలట్ లైసెన్సు అక్కర్లేదు గానీ, నిషేధిత ప్రాంతాలు దానికీ వర్తిస్తాయి. భోగాపురం విమానాశ్రయమూ, విశాఖ నౌకాదళ స్థావరమూ ఉన్న చోటు మనది. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో చూసుకోకుండా ఎగరెయ్యకండి. చేత్తో విసిరే విమానానికి ఈ బెడద లేదు.

మధ్యాహ్నం ఓపికుంటే విశాఖ రైలెక్కండి. ఆర్కే బీచ్‌లో టీయూ-142 నౌకాదళ విమానం 2017 నుంచి మ్యూజియంగా ఉంది. దాని రెక్కలు కొసనుంచి కొసకి 50 మీటర్లు. పొద్దున్న 40 సెంటీమీటర్ల రెక్కతో కుస్తీపట్టిన పిల్లలు ముందుగా పట్టేది ఒకటే: దీని రెక్కలు పైకి లేవలేదు, పైగా కాస్త కిందికి వాలాయి. పడిపోదా అనడుగుతారు. రెక్కలు వెనక్కి వాలి ఉన్నాయి చూడమనండి. ఒరిగినప్పుడు సర్దుకునే గుణం ఆ వాలులోంచే వస్తుంది, మరీ ఎక్కువైతే బండి మొండికేస్తుందని కొంత తగ్గించడానికే కిందికి వంచారు.