వేలితో నొక్కిన తాడు

మన కాలేజీ వెనకాల బావి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా రోజుల్లో ఆ గిలక మీద చేంతాడు తరచూ తెగేది. బొక్కెన బుడుంగున మునగడం, అటెండరు పాతాళగరిగె వేసి గాలించడం, మేమంతా గట్టు చుట్టూ మూగడం మామూలే. ఇంటర్ మొదటి సంవత్సరంలో తన్యత, అంటే బిగిసిన తాడులో ఉండే లాగుడు బలం, పాఠం మొదలుపెట్టిన రోజు ఫిజిక్స్ మాష్టారు పుస్తకం తెరవకుండా ఆ బావి దగ్గరికే వెళ్లారు.

"చేంతాడు బొక్కెన లాగేటప్పుడే తెగుతోంది, దించేటప్పుడు తెగదేంరా?" అన్నారు.

నీళ్లతో పది కిలోలున్న బొక్కెనను ఒకే వేగంతో లాగితే తాడులో తన్యత 98 న్యూటన్లు, అంటే దాని బరువే. విసురుగా, ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 2 మీటర్ల చొప్పున పెరిగేట్టు గుంజితే 118. అదే త్వరణంతో కిందికి జారనిస్తే 78. చేయి పూర్తిగా వదిలేస్తే సున్నా. బొక్కెన అదే, నీళ్లూ అవే, తాడు మోసేది మాత్రం మన చేతి విసురును బట్టి మారుతోంది. నానిన చేంతాడుకు తన బరువూ ఉంటుంది కాబట్టి తాడు కింది కొస కన్నా పై భాగంలో తన్యత ఎక్కువ. పుస్తకంలో "ద్రవ్యరాశి లేని తాడు" అని రాస్తే, లెక్క తేలికవడానికి ఈ తేడాను పక్కన పెట్టారని అర్థం. అంతకుముందు ఆ మాట చదివినప్పుడల్లా అలాంటి తాడు ఎక్కడుంటుందా అని నాకు నిజంగానే బెంగగా ఉండేది.

మర్నాడు ల్యాబ్‌లో బల్లకు రెండు చివర్లా కప్పీలు బిగించారు. మధ్యలో స్ప్రింగ్ త్రాసు, దాని రెండు కొక్కేలకూ పురికొసలు, అవి కప్పీల మీదుగా దిగి చెరో కిలో గుండును మోస్తాయి. గుండ్లను చేత్తో పట్టుకుని ఆపి, "త్రాసు ఎంత చూపిస్తుంది?" అన్నారు. క్లాసులో సగానికి పైగా రెండు కిలోలన్నాం. రెండు వైపులా సమానం కాబట్టి సున్నా అన్నవాళ్లు కొందరు. ముందు బెంచీలో ఒకమ్మాయి ఒక్కతే ఒక కిలో అంది. మూడు జవాబులూ బోర్డు మీద రాసి గుండ్లు వదిలారు. ముల్లు ఒకటి దగ్గర ఆగింది.

ఆ తర్వాత చేసిన పని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. ఎడమ గుండు తీసేసి, ఆ పురికొసను కిటికీ ఊచకు కట్టారు. ముల్లు కదల్లేదు. అదే ఒకటి!

"కిటికీ ఊరికే నిలబడి ఉందనుకున్నారు. అదీ ఒక కిలో బలంతోనే లాగుతోందిరా. తాడును ఒక్క వైపు నుంచే లాగడం ఎవరి వల్లా కాదు."

తాడులాట పోటీలో ఇటు వెయ్యి న్యూటన్లు, అటు వెయ్యి న్యూటన్లు లాగితే తాడులో ఉండేది వెయ్యే, రెండు వేలు కాదు. ఈ ఒక్కటి తలకెక్కితే తన్యత లెక్కలన్నీ దారిన పడతాయి. ఒక్కో వస్తువునూ విడదీసి, దాని మీద పనిచేసే బలాలను బాణాలతో చూపే స్వేచ్ఛా వస్తు పటం గీయాలి. తాడు లాగుతుందే గాని నెట్టదు కాబట్టి, బాణం గుర్తు ఎప్పుడూ వస్తువు నుంచి తాడు వైపుకే. 1784లో కేంబ్రిడ్జిలో జార్జ్ అట్‌వుడ్ వర్ణించిన యంత్రాన్నీ అదే కప్పీతో చేయించారు. ఒక పక్క 3 కిలోలు, మరో పక్క 2 కిలోలు వేలాడదీస్తే తన్యత సుమారు 23.5 న్యూటన్లు వస్తుంది. పెద్ద గుండు బరువుకన్నా తక్కువ, చిన్నదానికన్నా ఎక్కువ. అందుకే ఒకటి దిగుతుంది, ఒకటి ఎక్కుతుంది.

కానీ నా బతుకుతో ముడిపడింది మూడో రోజు పాఠం. వాలీబాల్ నెట్టుకు వాడే తాడు తెప్పించి, టీములో ఇద్దరు బలమైన అబ్బాయిలను చెరో కొసా పట్టుకుని బిగలాగి నిలబడమన్నారు. తాడు గీత గీసినట్టుంది. అందరిలోకీ బక్కగా ఉండేవాణ్ణి నేను. నన్ను పిలిచి మధ్యలో రెండు వేళ్లతో నొక్కమన్నారు. నొక్కాను. వాళ్లిద్దరూ తూలి ముందుకొచ్చారు. మళ్లీ కాళ్లు బిగబట్టి, పళ్లు బిగించి లాగారు. మళ్లీ వచ్చారు. తాడు నార నా వేళ్లకు గరుగ్గా తగలడం ఇంకా తెలుస్తోంది.

నా వేళ్ల బరువును మోయాల్సింది తాడు లాగుడులో నిలువుగా ఉన్న భాగం మాత్రమే. తాడు దాదాపు సమంగా ఉన్నప్పుడు ఆ భాగం చాలా కొంచెం. వాలు 3 డిగ్రీలే ఉంటే, 5 కిలోలతో నొక్కినా తాడు రెండు పక్కలా దాదాపు 48 కిలోల బరువంత బలంతో బిగియాలి. "మరి నువ్వు నొక్కుతుండగా తాడు గీతలా ఉండాలంటే వీళ్లెంత లాగాలి? రేపు చెప్పు" అన్నారు. మర్నాడు ఎందుకో క్లాసు జరగలేదు, ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

నేను విద్యుత్ శాఖలో చేరాక, లైను లాగేటప్పుడు ఆ తాడే గుర్తొచ్చేది. రెండు స్తంభాల మధ్య 60 మీటర్ల స్పాన్‌లో, వీజిల్ అనే రకం కరెంటు వైరు బరువు ఎనిమిది కిలోలు కూడా ఉండదు. మధ్యలో 30 సెంటీమీటర్ల సాగ్ (కిందికి వేలాడే వంపు) ఇస్తే సుమారు 190 కిలోల లాగుడు చాలు. చూడ్డానికి నీటుగా ఉండాలని 5 సెంటీమీటర్లకు బిగిస్తే సుమారు 1,150 కిలోలు కావాలి. ఆ వైరు తెగే బలమూ దాదాపు అంతే! ఒకసారి ఒక కాంట్రాక్టరు మనుషులు మే నెల ఎండలో లైనును బిగుతుగా లాగి వెళ్లారు. డిసెంబరు చలికి వైరు కుంచించుకుపోయి, చివరి స్తంభం, దాన్ని వెనక్కి లాగిపట్టే స్టే వైరుతో సహా, లైను వైపు ఒరిగింది. అప్పట్నుంచీ కొత్తగా చేరిన కుర్రాళ్లకు ముందు ఒక తాడిచ్చి, ఇద్దరిని లాగమని, మూడోవాణ్ణి వేలు పెట్టమంటాను.

మన కాలేజీ ఈ సంచికకు రాయమన్నాక మాష్టారికి ఫోన్ చేశాను. స్తంభం సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అదంతా సరే. ఆ రోజు అడిగినదానికి జవాబేదీ?" అన్నారు.

"ఎంత లాగినా చాలదు మాష్టారూ."

"ఊఁ," అన్నారు. "కూర్చో."