డాక్టరుకు చెప్పకుండా దాచిన మాట

2019 సెప్టెంబరులో, డాలస్‌లో ఎంఎస్ చదువుతున్నప్పుడు వేపింగ్ వల్ల, అంటే ఈ-సిగరెట్ పీల్చడం వల్ల, నాకు వచ్చిన ఈవాలి (EVALI) అనే ఊపిరితిత్తుల జబ్బు ఇది. మొదలైంది ఊపిరితిత్తుల్లో కాదు, కడుపులో. వాంతులు, విరేచనాలు, 102 జ్వరం. పొడిదగ్గు రెండో రోజుకి వచ్చింది. అర్జెంట్ కేర్‌లో యాంటీబయాటిక్ రాశారు, పని చేయలేదు. నాలుగో రోజు మెట్లెక్కుతుంటే ఆయాసం, ఆక్సిమీటరులో 88. ఎమర్జెన్సీలో సీటీ తీస్తే రెండు ఊపిరితిత్తులకీ మంచు కమ్మినట్టు తెల్లటి మచ్చలు.

వేప్ చేస్తావా అని అక్కడ మొదటే అడిగారు. లేదన్నాను. పోలీసుల దాకా పోతుందేమోనన్న భయం ఒకటి, పీల్చేది నీటి ఆవిరేనన్న నమ్మకం ఇంకొకటి. ఆ అబద్ధంతో చికిత్స మూడు రోజులు వెనకబడింది. ఈ జబ్బుని తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు. గత 90 రోజుల్లో వేప్ చేసి ఉండాలి, స్కానులో ఊపిరితిత్తుల్లో మచ్చలుండాలి, ఫ్లూ లాంటి ఇన్ఫెక్షన్లు లేవని తేలాలి. మొదటి ముక్క రోగి నోటి నుంచే రావాలి.

నేను పీల్చినవి రెండు: మామిడిపండు రుచి నికోటిన్ పాడ్ (ఈ-సిగరెట్‌లో పెట్టే చిన్న ద్రవపు డబ్బీ), తెలిసినవాళ్ల దగ్గర కొన్న టీహెచ్‌సీ కార్ట్రిడ్జ్ (గంజాయిలోని మత్తు పదార్థపు నూనె నింపిన గొట్టం). ప్రాణం మీదకి తెచ్చింది చాలావరకు రెండోదే. కొనేవాళ్లు కార్ట్రిడ్జ్‌ని తలకిందులు చేసి గాలిబుడగ ఎంత నెమ్మదిగా పాకుతుందో చూస్తారు. నెమ్మదిగా పాకితే చిక్కటి, కల్తీలేని నూనె అని లెక్క. ఆ లెక్కని విటమిన్ ఇ ఎసిటేట్ సులువుగా మోసం చేస్తుంది, ఎందుకంటే దాని రంగూ చిక్కదనమూ టీహెచ్‌సీ నూనెవే. మాత్రగా మింగితే, చర్మానికి రాస్తే హాని లేని పదార్థమే. వేడెక్కించి పీలిస్తే గాలిసంచుల్ని తెరిచి ఉంచే సన్నని జిడ్డుపొరని అది చెడగొడుతుందని అనుమానం. ఊపిరితిత్తుల ద్రవం పరీక్షించిన 51 మంది రోగుల్లో 48 మందిలో అది దొరికింది. 2020 ఫిబ్రవరి నాటికి అమెరికాలో ఆసుపత్రి పాలైన లేదా చనిపోయిన కేసులు 2,807, వాటిలో మరణాలు 68. ఆ రోగుల్లో కొందరు నికోటిన్ ఒక్కటే వాడామన్నారు, కాబట్టి పాడ్ నిర్దోషి అని నేననను.

నిజం చెప్పాక మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాములు ఎనిమిది గంటలకోసారి ఎక్కించారు. రెండు రోజుల్లో ఆక్సిజన్ నిమిషానికి 6 లీటర్ల నుంచి 2కి దిగింది. ఇంటికొచ్చాక ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, డాక్టరు రాసిచ్చిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గిస్తూ. పొద్దున టిఫిన్ తిన్నాకే వేసుకోవాలి. సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. కాస్త బాగుందని మధ్యలో ఆపేయడమే పెద్ద తప్పు.

కూర్చున్నప్పుడు 97 చూపించిందని ఆక్సిమీటరుని నమ్మి ఊరుకోకూడదు. ఆరు నిమిషాలు నడిచి మళ్లీ చూసుకోవాలి, పడిపోయేది అప్పుడే. వేళ్లు చల్లగా ఉన్నా, గోళ్లరంగు ఉన్నా అంకె తప్పుతుంది. మొదటి వారాల్లో నడిస్తే 91కి దిగేది.

నికోటిన్ మానడం ఇంకా కష్టమైంది. 0.7 మిల్లీలీటర్ల 5 శాతం పాడ్‌లో సుమారు 40 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. అది నికోటిన్ సాల్ట్ (ఘాటు తగ్గించిన నికోటిన్ రూపం) కావడంతో గొంతు మండదు, ఎంత పీల్చామో తెలియదు. పండు రుచి కాబట్టి తేలికపాటిదని మా వయసువాళ్లు నమ్మేది అందుకే. మానడానికి నాకు చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ ఇచ్చారు: 21 మిల్లీగ్రాములది ఆరు వారాలు, 14ది రెండు, 7ది రెండు. రోజూ చోటు మార్చి అంటించాలి. పీడకలలొస్తే పడుకునే ముందు తీసేయొచ్చు.

ఇండియాలో ఈ-సిగరెట్ల అమ్మకం 2019 సెప్టెంబరు నుంచే నిషేధం. హైదరాబాదులో చాటుగా దొరికే దాని మీద నికోటిన్ సున్నా అని రాసి ఉన్నా ఆ మాటకి పూచీ పడేవాళ్లు లేరు. వాడినవాళ్లకి ఆయాసం, జ్వరం, వాంతులు కలిసి వస్తే ఆ పరికరాన్ని పారేయకుండా కవర్లో పెట్టి ఆసుపత్రికి పట్టుకెళ్లండి. నాది అప్పటికే చెత్తబుట్టలో పడేశాను, పరీక్షకి పంపడానికి ఏమీ మిగల్లేదు.