నైట్ డ్యూటీలో ఆ పది నిమిషాలు

అమలాపురం వైపు మానసిక వైద్య వార్డులో నర్సుగా చేరి తొమ్మిదేళ్లయింది. రోజంతా జనం బాధలు విని ఇంటికెళ్తే ఒక్కోసారి అన్నం సహించదు. అందుకే రాత్రి రెండింటికి అందరం ఫ్లాస్కులో టీ, ఆత్రేయపురం పూతరేకులు పెట్టుకుని పది నిమిషాలు కూర్చుంటాం. తింటూ నవ్వితే పంచదార పొడి యూనిఫాం మీదంతా రాలుతుంది. దానికి మళ్లీ నవ్వు. జార్జ్ వైలంట్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు హాస్యాన్ని మనసు తనను తాను కాపాడుకునే పరిణత మార్గాల్లో ఒకటిగా చెప్పారు. నేను గట్టిగా నమ్ముతాను.

కానీ ఒక రాత్రి మాలో ఒకరు ఒక పేషెంటు నడకను అనుకరించారు. కొన్ని మందుల వల్ల ఒళ్లు బిగుసుకుపోయి, చేతులు ఊగకుండా, చిన్న చిన్న అడుగులు పడతాయి. ఆ నడక. నేనూ నవ్వాను. తలుపు దగ్గర ఆయన తల్లి స్టీలు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"కాసిన్ని వేణ్నీళ్లు ఇప్పిస్తారా అమ్మా" అన్నారు, అంతే.

నీళ్లిచ్చి, పక్కన కూర్చుని క్షమించమని అడిగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు, మాట్లాడలేదు. మర్నాడే మేమంతా ఒక మాట అనుకున్నాం: మా నిద్రలేమి మీద ఎంతైనా నవ్వుదాం, మంచం మీద ఉన్నవాళ్ల మీద మాత్రం వద్దు.

మొన్న ఆయన చెకప్‌కి వచ్చారు. డాక్టరుగారు మందు మార్చాక నడక తేలికైంది.

"మాకు నిద్రమాత్రలిచ్చి మీరు మేలుకుంటారు. మీకెవరిస్తారండీ?" అన్నారు.

ముందు నవ్వింది వాళ్లమ్మగారే.